తొంభై ఏడో వరుస

పుస్తకం దొరికింది. బల్ల కాలి కింద దొరికింది.

నిన్న సాయంత్రం నుంచి చీటీలమ్మ దానికోసం ఇల్లంతా గాలించింది. వంటింటి అరలు వెతికింది, మంచం కింది పెట్టె లాగింది, ఆడపడుచు దిండు కింద చెయ్యి పెట్టి తిట్లు కూడా తింది. తీరా ఈ పొద్దున మొగుడి పనిగది ఊడుస్తుంటే, కిటికీ పక్క బల్లకి పొట్టిగా ఉండే ఎడం కాలి కింద, ఎప్పుడూ ఉండే మడతపెట్టిన అట్టముక్క చోట, నల్ల అట్ట పుస్తకం కనబడింది. బల్ల బరువుకి దాని మీద రూపాయి బిళ్ళంత గుంట పడింది.

చీపురు కింద పెట్టకుండానే అడిగింది.

"ఇది ఇక్కడికెలా వచ్చిందండీ?"

కాటా మేస్త్రి తలెత్తలేదు. మందుల కొట్టు వాళ్ళ చిన్న త్రాసు ఒకటి విప్పి బల్ల మీద పరుచుకుని, దాని ముల్లుకి పట్టిన తుప్పు గుడ్డతో తుడుస్తున్నాడు.

"బల్ల కదులుతోంది" అన్నాడు.

"అట్టముక్క ఏమైంది?"

"నలిగిపోయింది."

"ఇంట్లో ఇంకో అట్టముక్కే కరువైందా?"

"ఇంత మందం కావాల్సొచ్చింది. ఇది సరిగ్గా సరిపోయింది."

ఆమె వంగి, భుజంతో బల్ల పైకెత్తి, పుస్తకం లాగేసింది. బల్ల ఒక్కసారి కుంటి నడక నడిచినట్టు ఊగింది. చిన్న తూకపు రాళ్ళు రెండు దొర్లి కింద పడ్డాయి. ఆయన వంగి వాటిని ఏరుకున్నాడు.

పదకొండేళ్ళుగా చర్చికొచ్చే వాళ్ళు వాళ్ళ వాళ్ళ అక్కరలు చీటీల మీద రాసి గుమ్మం పక్కన చెక్కపెట్టెలో వేస్తారు. ఆ చీటీల మడతలు విప్పి, ఉన్నదున్నట్టు ఈ పుస్తకంలోకి ఎక్కించి, ఆదివారం నిలబడి చదివేది ఆమె. అందుకే చీటీలమ్మ అయింది. అసలు పేరు పెట్టి పిలిస్తే ఇప్పుడు ఆమే తిరిగి చూడదు. ఒక్కో వరుసకి నాలుగు గడులు: సంఖ్య, పేరు, అక్కర, జవాబు. జవాబొచ్చిందని ఎవరైనా సాక్ష్యం చెబితే చివరి గడిలో ఎర్ర సిరాతో 'స్తోత్రం' అని రాస్తుంది.

నూట పన్నెండో వరుస దగ్గర పుస్తకం ఆగిపోయి ఎనిమిది నెలలైంది. నూట పన్నెండు వాళ్ళ బుజ్జిది. ఇరవై మూడేళ్ళ కొడుకు, తండ్రి పక్కనే ఇదే బల్ల దగ్గర పనిచేసినవాడు. వాడి జబ్బు పేరు రాసుంది, తేదీ రాసుంది. జవాబు గడి తెల్లగా ఉంది. ఆ తర్వాత వచ్చిన చీటీలన్నీ మడత విప్పకుండా బిస్కెట్ల డబ్బాలో కూరి ఉన్నాయి.

నిన్న చర్చి అయ్యగారు వచ్చి చాలా మెత్తగా అడిగివెళ్ళారు. ఈ ఆదివారం నిలబడి చదవగలిగితే చదవమన్నారు, లేకపోతే పుస్తకం ఇంకెవరికైనా అప్పగించమన్నారు, ఏదైనా తప్పు పట్టనన్నారు. బుజ్జి పోయినప్పుడు, దేవుడికి వాడు కావాల్సొచ్చాడని ఓదార్చిన వాళ్ళంతా ఆమెకి చేదయ్యారు. దేవుడికి మనుషులు తక్కువయ్యారా అని కడుపులోనే అడిగింది. అయ్యగారొక్కరే, ఎందుకో నాకూ తెలియదమ్మా అన్నారు. అందుకే ఆయన్ని కాదనలేక, ఆదివారం లోపు చెబుతానంది.

"ప్రార్థనల పుస్తకమండీ ఇది" అంది ఇప్పుడు, కొంగుతో అట్ట తుడుస్తూ.

"ప్రార్థనలు ఎక్కడికీ పోలేదులే. అందులోనే ఉన్నాయి. పైకి పోయుంటే కదా."

టీ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చిన ఆడపడుచు ఆ మాట విననే విన్నది. మేస్త్రికి అక్క, ఆమెకి వదిన. మొగుడు పోయాక తమ్ముడింట్లోనే ఉంటూ, ఇంట్లో ఏ గొడవ జరిగినా ముందు వరసలో కూర్చునే మనిషి.

"ఒరేయ్, దేవుడి మీద కోపముంటే దేవుడితో పోట్లాడు. మోకాళ్ళ మీద పడి పోట్లాడతావో, నిలబడి పోట్లాడతావో నీ ఇష్టం. బల్ల కింద పెట్టి తొక్కడమేంటి?"

"అక్కా, నువ్వు టీ తాగు."

"తాగుతూనే అంటున్నా."

మేస్త్రి గుడ్డ పక్కన పడేశాడు. అప్పుడు తిరిగాడు పెళ్ళాం వైపు.

"ప్రతి కొట్టువాడూ నా కాటా సరైనదే అంటాడు. నేను పోయి రాయి పెట్టి చూస్తే తెలుస్తుంది దాని బండారం. ఎర్ర సిరా రాతలు ఎన్నున్నాయి నీ పుస్తకంలో?"

"ముప్పై ఎనిమిది." లెక్క చూడకుండానే చెప్పింది.

"ఒక్క గడప తొక్కి చూసొచ్చావా, నిజమో కాదో? పదకొండేళ్ళు వాళ్ళు చెప్పారు, నువ్వు రాశావు. ఖాళీ పళ్ళేలు సమంగా నిలబడితే చాలా? పళ్ళేలు మార్చి చూడొద్దూ?"

ఆ మాట నోట్లోంచి జారాక ఇద్దరూ ఆగిపోయారు. వదిన కూడా గ్లాసు దించింది.

అది బుజ్జి మాట. త్రాసు దండెకి ఒక చెయ్యి రవ్వంత పొడుగుంటే ఉత్త పళ్ళేలు చక్కగానే నిలుస్తాయి, చూసేవాళ్ళు మోసపోతారు. సరుకు ఇటూ రాయి అటూ పెట్టి తూచి, మళ్ళీ రాయి ఇటూ సరుకు అటూ మార్చి తూస్తే అబద్ధం బయటపడుతుంది. పదేళ్ళప్పుడు తండ్రి అది నేర్పిన నాటి నుంచీ వాడు ఇంట్లో ప్రతిదానికీ అదే అనేవాడు. కూరలో ఉప్పు ఎక్కువైందంటే, అత్త ఎదురింటావిడ మీద చాడీ చెబితే, పళ్ళేలు మార్చి చూశారా అని అడిగి నవ్వించేవాడు.

మేస్త్రి మళ్ళీ ముల్లు చేతిలోకి తీసుకున్నాడు.

మొగుడు పొడిచిన ఆ పోటు చీటీలమ్మకి గుచ్చుకోవాల్సింది. గుచ్చుకోలేదు. ఎక్కడో దురద పెట్టినట్టయింది. ఆమె మొదటి నుంచీ అంతే, పక్కింటి కేకలు వినకుండా తలుపేసుకోగలదు గాని, మడతపెట్టిన చీటీ ఎదురుగా ఉంటే విప్పకుండా ఉండలేదు. ఆ గుణం బుజ్జితో పాటే పోయిందనుకుంది. పోలేదు.

ముప్పై ఎనిమిది. నిజంగా ఒక్కటైనా చూడలేదే.

పుస్తకం సంచిలో వేసుకుని చెప్పులు తొడుక్కుంది. ఎక్కడికి మరదలా, పొయ్యి మీద ఏం పెట్టకుండా, అని వదిన వెనక నుంచి కేకేసింది. కాటా పెట్టి చూసొస్తానని చెప్పి గేటు దాటింది.

*

నలభై ఏడో వరుస బొత్తాల కొట్టావిడ మొగుడిది. చూపు కోసం. పక్కన పెద్ద ఎర్ర అక్షరాలతో స్తోత్రం. నాలుగేళ్ళ కిందటి మాట. కంటి ఆపరేషన్ కట్టు విప్పగానే చూపొచ్చిందని ఆవిడ చర్చిలో ఏడుస్తూ సాక్ష్యం చెబితే, సగం మంది ఏడ్చారు. పుస్తకం మొత్తం మీద చీటీలమ్మకి గర్వంగా ఉండే వరుస అదే. అందుకే ముందు అక్కడికే వెళ్ళింది.

కొట్టు ఇరుకు. గోడ నిండా గాజు సీసాలు, సీసాల నిండా బొత్తాలు. లోపల ముక్కాలిపీట మీద ఆవిడ మొగుడు కూర్చుని, ఒళ్ళో పళ్ళెంలో కలగాపులగంగా పోసిన బొత్తాలు వేరు చేస్తున్నాడు. రెండు కన్నాలవి ఇటు, నాలుగు కన్నాలవి అటు. వేళ్ళతో తడిమి వేస్తున్నాడు. మొహం మాత్రం వీధి వైపుంది.

చీటీలమ్మ ఆ వేళ్ళ వంక చాలాసేపు చూసింది. ఆదివారాలు ఆయన భార్య చెయ్యి పట్టుకుని రావడం ఎన్నోసార్లు చూసింది. ముసలితనంలో ఎంత అన్యోన్యం అనుకుంది ఇన్నాళ్ళూ.

"ఎన్నాళ్ళు కనబడిందమ్మా?" అంది కొట్టావిడతో, నేరుగా.

ఆవిడ దాచలేదు. స్టూలు ముందుకు జరిపింది, మంచినీళ్ళిచ్చింది, అప్పుడు చెప్పింది. తొమ్మిది రోజులు. పదో రోజు పొద్దున లేచేసరికి మళ్ళీ చీకటి. డాక్టరు ఇంక చేయగలిగిందేం లేదన్నాడు.

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు ఎర్ర సిరాతో రాసేశారు కదా" అంది ఆవిడ, తప్పంతా సిరాదైనట్టు. "అంతమంది ఏడ్చారు కూడా. మళ్ళీ లేచి, లేదండీ పోయిందండీ అంటే ఏం బావుంటుంది? ఎవరి విశ్వాసం చల్లారుతుందో అని ఊరుకున్నాం."

"నాలుగేళ్ళు?"

"ఒక ఆదివారం చెప్పకపోతే రెండో ఆదివారం ఇంకా కష్టమమ్మా."

చీటీలమ్మకి నవ్వొచ్చింది. ఎనిమిది నెలల్లో మొదటిసారి వచ్చిన నవ్వు, ఇలాంటి చోట రావడం ఆమెకే వింతగా తోచింది. నవ్వు దిగాక అసలు ప్రశ్న మిగిలింది. ఈ ప్రశ్న వాళ్ళ కోసం కాదని కొట్టావిడకీ అర్థమై ఉండాలి, బొత్తాల సీసా మూత బిగిస్తూ నిలబడిపోయింది.

"ఇచ్చి లాగేసుకున్నాక కూడా వస్తున్నారు కదా ప్రతి ఆదివారం. ఎలా వస్తున్నారు?"

"మొదట రెండు నెలలు మాట్లాడలేదు."

"ఆయనతోనా?"

"దేవుడితో. చర్చికొచ్చేదాన్ని, పాడేదాన్ని, నోరు కదిపేదాన్ని. మాట మాత్రం లేదు."

"తర్వాత?"

ఆవిడ కొంచెం ఆలోచించింది. గొప్ప మాటేదైనా వెతుక్కుంటుందేమో అనుకుంది చీటీలమ్మ. వెతుక్కోలేదు.

"ఒకే ఇంట్లో ఉంటూ ఎన్నాళ్ళుంటాం మాట్లాడకుండా? కోపంగానే మొదలుపెట్టాను. ఆయన విన్నాడు. జవాబు చెప్పాడని అనను. వింటున్నాడని మాత్రం తెలిసింది. ఎలా తెలిసిందంటే చెప్పలేను."

చీటీలమ్మ సంచిలోంచి పుస్తకం తీసి నలభై ఏడో వరుస తెరిచింది. కలం మూత తీసింది. తప్పు తప్పే. కొట్టేయాలి.

కాగితం చప్పుడుకి ముక్కాలిపీట మీది మనిషి చెయ్యి ఆపాడు.

"కొట్టేస్తున్నారా?"

"అవునండీ. ఇది నిజం కాదు కదా."

"తొమ్మిది రోజులు నిజమేనమ్మా." ఆయన మొహం ఇంకా వీధి వైపే ఉంది. "పన్నెండేళ్ళ తర్వాత దీని మొహం చూశాను. ముసలిదైపోయింది. అయినా చూశాను. అది కొట్టెయ్యకండి."

"ముసలిదాన్నట" అని గొణిగి ఆవిడ సీసా పైకెక్కించింది.

కలం మూత పెట్టేసింది చీటీలమ్మ. ఆ వరుస తప్పో ఒప్పో ఇప్పుడు ఆమెకే తెలియకుండా పోయింది. మిగతా ముప్పై ఏడు గడపలు తొక్కాలన్న ఆత్రం కూడా ఎందుకో తగ్గింది. దారంతా ఒక్కటే తొలిచింది ఆమెని. పదకొండేళ్ళు ఆ చివరి గడి నింపింది ఎవరు? ఎవరు నింపమన్నారు?

*

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నమైంది. వదిన గుమ్మంలో కూర్చుని దిండు గలీబుకి కుట్లు వేస్తూ, మీ ఆయన పొద్దున్నుంచీ నాలుగుసార్లు గేటు దాకా వచ్చి చూశాడని గుసగుసగా చెప్పింది. త్రాసుకి బదులు మనిషి తుప్పు పట్టాడమ్మా అంది.

ఆమె చెప్పులింకా విప్పలేదు. పనిగదిలోంచి ఆయన గొంతు వినబడింది.

"ఏమైంది?"

ఎనిమిది నెలల్లో ఆయన ఏ సంగతీ తనంతట తాను అడగలేదు. పొద్దున్న ఎకసెక్కెమాడిన మనిషికి ఇప్పుడింత ఆత్రమేమిటా అని ఆమె లోపలికెళ్ళింది. త్రాసు పొద్దున ఎలా విప్పాడో అలాగే ఉంది. ఒక్క మర కూడా బిగించలేదు.

"మీరన్నదే నిజమైంది. నలభై ఏడు తప్పు. తొమ్మిది రోజులే కనబడిందట."

చూశావా అంటాడనుకుంది. అనలేదు. ఆయన మొహంలో ఏదో సడలింది. మూట దించుకున్న కూలివాడిలా గట్టిగా ఊపిరి వదిలి, కుర్చీలో వెనక్కి వాలాడు.

"అంటే మిగతావీ తప్పయి ఉండొచ్చు."

"ఉండొచ్చు."

"తొంభై ఆరు?"

ఆమె పేజీలు తిప్పింది. తిప్పకుండానే తెలుసు. తొంభై ఆరు ఆయనదే. ఏడాది కిందట గుండె పట్టేసి పన్నెండు రోజులు ఆసుపత్రిలో పడుకున్నప్పటిది. బతకడం కష్టమన్న మనిషి నడిచి ఇంటికొచ్చాడు. ఎర్ర సిరా ఇంకా మెరుస్తోంది.

"ఇది తప్పెలా అవుతుందండీ? మీరు ఎదురుగా కూర్చుని ఉన్నారు కదా."

"తప్పయితే బావుండును" అన్నాడు. "దాని కిందిది చదువు."

తొంభై ఏడు. పేరు గడిలో గీత. అక్కర గడిలో ఆమె సొంత చేతిరాత. పైకే చదివింది.

"పేరు వద్దు. ఒకరి బదులు ఇంకొకరిని తీసుకోమని అడగొచ్చా? అడగొచ్చంటే అడుగుతున్నాను."

ఆ చీటీ ఆమెకి గుర్తే. పైఅంచు చింపేసిన కాగితం, అచ్చు వేసినట్టు పెద్ద పెద్ద అక్షరాలు. ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని ఎక్కించింది. పెట్టెలోని చీటీలు ఆ వారం బుజ్జే తెచ్చిచ్చాడు. ఇలా కూడా అడుగుతారురా మనుషులు, ఎవరై ఉంటారంటావు, అని వాడినే అడిగింది. ఎవరో పిచ్చోడు లేమ్మా, నువ్వు మాత్రం చదువు అన్నాడు వాడు.

మేస్త్రి సొరుగు లాగి పాత రసీదు పుస్తకం ఒకటి బల్ల మీద పెట్టాడు. పైన కొట్టు పేరు అచ్చు వేసిన పుస్తకం, ఒక కాగితం కొట్టుకొచ్చిన వాళ్ళకి, కార్బన్ కింద రెండోది తమకి. పోయిన వారం కొత్తది అయిపోతే అడుగున పడున్న దీన్ని తీశానని చెప్పాడు. మధ్యలో ఒకచోట పై కాగితం లేదు. కింది కాగితం మీద, కొట్టు పేరు కింద, నీలం మసక అక్షరాలు.

పేరు వద్దు. ఒకరి బదులు ఇంకొకరిని.

"కార్బన్ తియ్యడం మర్చిపోయాడు" అన్నాడు. "ఎన్నిసార్లు చెప్పాను వాడికి, రసీదు కానిది రాసేటప్పుడు కార్బన్ తియ్యరా అని."

చీటీలమ్మ వేలు ఆ అక్షరాల మీద ఆగింది. 'దు' కొమ్ము పొడుగ్గా లాగడం బుజ్జి అలవాటు. అచ్చు వేసినట్టు రాసినా అది దాగలేదు. ఆ రోజు ఎలా కనబడలేదో.

"నేను లేచి కూర్చున్నాను" అన్నాడు ఆయన. "నాలుగు నెలలకి వాడు పడుకున్నాడు. పళ్ళేలు మార్చాడే వాడు."

గుమ్మంలో వదిన సూది ఆగిపోయింది.

దేవుడలా బేరమాడేవాడు కాదండీ అని చెప్పాలనిపించింది చీటీలమ్మకి. నాలిక చివరిదాకా వచ్చింది. నిజమేనని లోపల ఎక్కడో నమ్మకంగానే ఉంది. కానీ నమ్మకం వేరు, ఈ మనిషి కళ్ళలోకి చూసి చెప్పడం వేరు. పైగా ఆమెకి ఇంకోటి గుర్తొచ్చింది. ఆ ఆదివారం చర్చిలో నిలబడి ఆ వరుస చదివింది ఎవరు? ఈ గొంతే. చదివి ఆగితే అందరూ ఆమెన్ అన్నారు. తనూ అంది.

"ఆ గడి ఖాళీగా ఉంది" అన్నాడు మేస్త్రి, వేలితో చూపించి. "జవాబు గడి. స్తోత్రం అని రాయాలా అందులో? వారం నుంచి అదే అడుగుదామనుకుంటున్నాను. అడగలేక తీసుకెళ్ళి కాలి కింద పెట్టాను. చెప్పు. ఏం రాస్తావు?"

ఆమె ఆ తెల్ల గడి వంక చూసింది. భయంగా కాదు. మడత విప్పని చీటీ వంక చూసినట్టు చూసింది.

"ఆ గడి నాది కాదండీ" అంది. "ఇన్నాళ్ళూ నాదే అనుకున్నాను."

"మరి నీదేది?"

"ఈ పక్కది." అక్కర గడి మీద చెయ్యి వేసింది. "అడిగింది ఉన్నదున్నట్టు రాయడం, చదవడం. అంతే నాది."

నూట పన్నెండు దాటి పేజీ తిప్పింది. సంచిలోంచి కలం తీసింది, నీలం సిరాది. నూట పదమూడు అని వేసింది. పేరు గడిలో కాటా మేస్త్రి అని రాసింది. అక్కర గడి దగ్గర కలం ఆపి తలెత్తింది.

"చెప్పండి."

"నేనా?"

"మీరే. నన్నడిగింది దేవుణ్ణే అడగండి. తిట్టయినా సరే, రాస్తాను."

మేస్త్రి ఆమెని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "రాసి ఆదివారం నిలబడి చదువుతావా? అందరి ముందూ?"

అయ్యగారు అడిగి వెళ్ళిన ప్రశ్న అదే. నిన్నటి నుంచీ ఆమె దగ్గర లేని జవాబు అదే.

"మీరొచ్చి వింటానంటే చదువుతాను."

ఆయన చెయ్యి చాపి ఆమె వేళ్ళలోంచి కలం తీసుకున్నాడు. ఆ పుస్తకంలో పదకొండేళ్ళుగా ఆమె రాత తప్ప ఇంకొకరిది పడలేదు. వంగి రాయడం మొదలుపెట్టాడు. కాలి కింద ఏమీ లేని బల్ల ఆయన చేతి బరువుకి ఊగింది. మాట మాటకీ టక్కుమని నేలని తన్నింది.

అక్షరాలు ఇటు పక్క ఆమెకి తలకిందులుగా కనబడుతున్నాయి. కాస్త మెడ వంచితే చదవొచ్చు.

చీటీలమ్మ కళ్ళు కిటికీ వైపు తిప్పుకుని, బల్ల కదలకుండా రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. ఆయన గడి దాటి రాస్తున్నాడు.